ఆకుపచ్చ రజాయి కవరు

చలికాలం వచ్చేసింది. రజాయికి ఆకుపచ్చ నూలు కవరు కొంటున్నారా? చీరాల నేత బట్టయినా, గుంటూరు షాపులో దొరికే మిల్లు బట్టయినా సరే, తెల్ల చేతిరుమాలు తడిపి ఓ మూల గట్టిగా రుద్దండి. రుమాలు పచ్చబడితే రంగు వదులుతుందన్నమాటే. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కాబట్టి బెత్తెడు పెద్దదే తీసుకోండి.

సహజ రంగుల మీద మోజున్నవారికో మాట. నీలిమందు అద్దకం మీద పసుపు అద్దితే ఆకుపచ్చ వస్తుంది. ఎండ తగిలితే పసుపు ముందు వెలిసిపోతుంది, నీలం మిగులుతుంది. అందుకే తిరగేసి నీడన ఆరెయ్యాలి. మొదట్లో విడిగా, చన్నీళ్లలోనే ఉతకండి. బ్లీచింగ్ జోలికి పోవద్దు.

మన పల్లెల్లో ఇంకో చిక్కుంది. మిరప కళ్లాల రోజుల్లో గాలివాటున దండెం కడితే, ఆ ఘాటు బట్టకెక్కి రాత్రంతా తుమ్ములే! దండెం కళ్లానికి దూరంగా, గాలి వచ్చే వైపు కట్టుకోండి.