సరస్సు ఒడ్డున నల్లకోట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "జపాన్‌లో ఉండి వచ్చావు కదా, ఆ దేశం గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. దేశం మొత్తాన్ని పావుగంటలో చెప్పడం నా వల్ల కాదు. టోక్యో గురించీ, బుల్లెట్ రైలు గురించీ మీకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. అందుకని నేను ఉద్యోగరీత్యా మూడేళ్లున్న ఒక్క ఊరి గురించే చెబుతాను. దాని పేరు మత్సుయే.

సోషల్ చెప్పిన మన పాత మాస్టారు గోడకి మ్యాపు తగిలించి, "ఊరి పేరు తరవాత చెబుదువుగాని, నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతాయో ముందు చెప్పు" అనేవారు. ఆయన ఈ రోజు మన మధ్య లేరు. ఆయన పద్ధతిలోనే మొదలుపెడతాను.

జపాన్‌లో పెద్ద ద్వీపం హోన్షూ. దాని పడమటి భాగంలో, ఉత్తరపు ఒడ్డున, జపాన్ సముద్రం వైపు షిమానే అనే ప్రాంతం ఉంది. మత్సుయే దాని ముఖ్యపట్టణం. జనాభా సుమారు 2 లక్షలు. ఊరికి పడమట షింజి సరస్సు, తూర్పున నకౌమి అనే ఇంకో సరస్సు. ఈ రెంటినీ కలుపుతూ ఊరి నడిమధ్య నుంచి ఓహషి నది పోతుంది. కొండల నుంచి దిగిన హీ నది షింజిలో కలుస్తుంది. ఆ నీళ్లు ఓహషి మీదుగా నకౌమిలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి వెళ్తాయి. ఇంతవరకే అయితే మామూలు సంగతే. సముద్రమట్టం కాస్త పెరిగితే ఉప్పునీళ్లు ఇదే దారిన వెనక్కి ఎక్కుతాయి. కొల్లేటి పక్కన పుట్టినవాళ్లం, మనకు ఉప్పుటేరు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ ఓహషి చేసే పని అదే. అందుకే షింజి నీళ్లు మంచినీళ్లూ కావు, ఉప్పునీళ్లూ కావు. సముద్రపు ఉప్పులో పదో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. వైశాల్యం సుమారు 79 చదరపు కిలోమీటర్లు. బాగా లోతున్న చోట కూడా 6 మీటర్లే.

ఆ పదో వంతు ఉప్పు మీదే ఊరి భోజనం ఆధారపడి ఉంది. షింజిలో దొరికే ఏడు రుచులని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. సుజుకి (మోటారు సైకిల్ కాదు, మన పండుగప్పలాంటి చేప), మొరోగె అనే రొయ్య, పాములా ఉండే ఉనగి, అమసగి, అద్దంలా అవతలివైపు కనిపించే షిరౌఒ, మన బొచ్చె జాతికి దగ్గరి కొయి, చివరగా షిజిమి అనే నల్లటి చిన్న గుల్ల. ఇంద్రధనుస్సు రంగులకు మనం విబ్‌గ్యోర్ అని బట్టీ పట్టినట్టు, వాళ్లు ఈ ఏడింటి మొదటి అక్షరాలూ కలిపి "సుమో అషికోషి" అంటారు. సుమో మల్లుడి కాళ్లూ నడుమూ అని అర్థం. పిల్లలకు గుర్తుండాలంటే ఏం చెయ్యాలో మాస్టార్లకు ఏ దేశంలోనైనా తెలుసు.

పొద్దున్నే సరస్సు మీద చిన్న పడవలు కనిపిస్తాయి. పొడుగాటి కర్రకు ఇనప బుట్ట బిగించి అడుగున ఇసకని గీరి షిజిమి తీస్తారు. వారంలో కొన్ని రోజులే, రోజులో కొన్ని గంటలే, పడవకు ఇంత అని లెక్క పెట్టుకుని పడతారు. ఆ కట్టడి వాళ్లకు వాళ్లు పెట్టుకున్నదే. ఉదయం అన్నంతో పాటు షిజిమి వేసిన మీసో చారు లేని ఇల్లు ఆ ఊళ్లో తక్కువ. మొదటి నెల నేను పక్కన పెట్టేశాను. మూడో నెలకి అది లేకపోతే తిన్నట్టుండేది కాదు.

ఈ సరస్సు కొంచెంలో తప్పించుకుంది. 1963లో ప్రభుత్వం ఒక పెద్ద పథకం మొదలుపెట్టింది. నకౌమిలో సుమారు 2,500 హెక్టార్లు పూడ్చి పొలాలు చెయ్యాలి. సముద్రం వైపు తలుపులు కట్టి ఉప్పునీళ్లు ఆపి, రెండు సరస్సులనీ మంచినీటి చెరువులుగా మార్చి, ఆ నీళ్లు పొలాలకి ఇవ్వాలి. ఆ రోజుల్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు. దేశానికి బియ్యం కావాలి. యుద్ధం తరవాత ఆకలి చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. కానీ కొన్నేళ్లు తిరిగేసరికి బియ్యం మిగిలిపోవడం మొదలైంది. 1970 నుంచి వరి తగ్గించమని ప్రభుత్వమే రైతులకు చెప్పసాగింది. అయినా సరస్సులో పని ఆగలేదు. 1974 నాటికి తలుపులు కట్టడం పూర్తయింది. మూసెయ్యడమే తరవాయి.

మూస్తే షిజిమి పోతుంది. ఉప్పు బొత్తిగా లేని నీళ్లలో దాని గుడ్లు నిలవవు. కదలని మంచినీళ్లకి పచ్చటి నాచు పట్టి కంపు కొట్టడం వాళ్లు వేరే ఊళ్లలో చూసి ఉన్నారు. జాలర్లు ఎదురు తిరిగారు, వాళ్లకి ఊరు తోడైంది. గృహిణులు, టీచర్లు, దుకాణాలవాళ్లు సంతకాలు సేకరించారు. 1988లో నీటి మార్పిడి వాయిదా పడింది, 2000లో మిగిలిన పూడిక ఆగింది, 2002లో మంచినీటి పథకమే రద్దయింది. తరవాత ఆ తలుపులని కూడా తీసేశారు. 2005లో రెండు సరస్సులూ రామ్‌సర్ జాబితాలోకి ఎక్కాయి. మన కొల్లేరు అంతకు మూడేళ్ల ముందే, 2002లో ఆ జాబితాలో చేరింది. జాబితాలో చేరాక ఎక్కడేం జరిగిందో ఈ సభలో నేను చెప్పక్కర్లేదు, మనలో చాలామందికి అక్కడ చెరువులుండేవి.

ఇక కోట. హోరియో యోషిహరు అనే ప్రభువు 1607లో మొదలుపెడితే 1611లో పూర్తయింది. చుట్టూ నల్ల రంగు చెక్కలు తాపడం చేశారు కాబట్టి దూరానికి నల్లగా, కాస్త కోపంగా కనిపిస్తుంది. అందం కోసం కాదు, యుద్ధం కోసం కట్టిన కోట. అడుగు అంతస్తులో బావి కూడా ఉంది, శత్రువులు చుట్టుముట్టినా నీళ్లకి ఇబ్బంది లేకుండా. ఇంత పెద్ద కోటకి కావలసిన లావు దుంగలు దొరక్క, చిన్న స్తంభాల చుట్టూ పలకలు చేర్చి ఇనప పట్టీలతో బిగించారు. పిల్లలు ఆ పట్టీలని తడిమి చూస్తూ మెట్లెక్కుతుంటారు. మెట్లు మాత్రం నిచ్చెనలే అనుకోండి. నా మోకాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

రాజులు పోయాక 1875లో సైన్యం ఈ కోట కట్టడాలన్నీ వేలం వేసింది. కొన్నవాడు పడగొట్టి చెక్కా ఇనుమూ అమ్ముకోవచ్చు. మిగతా కట్టడాలన్నీ అలాగే పోయాయి. నడిమి పెద్ద గోపురం ధర 180 యెన్లు పలికింది. అప్పుడు కత్సుబె మొతోఎమొన్ అనే ఆసామి, తకగి గొంపచి అనే ఒకప్పటి సమురాయి కలిసి ఆ మొత్తం కట్టి దాన్ని నిలబెట్టారు. జపాన్‌లో ఆ కాలపు గోపురాలు ఇప్పుడు 12 మాత్రమే మిగిలాయి. మిగతా చోట్ల మనం చూసేవి చాలావరకు తరవాత సిమెంటుతో కట్టినవి.

అయితే దీనికి జాతీయ నిధి అన్న హోదా చాలాకాలం రాలేదు. ఎప్పుడు కట్టారో చెప్పే గట్టి ఆధారం లేదన్నారు. ఊరు లక్షకు పైగా సంతకాలు పెట్టింది, ఆధారం చూపినవాళ్లకి బహుమతి కూడా ప్రకటించింది. 2012లో కోట ఆవరణలోనే ఉన్న గుడిలో రెండు చెక్క పలకలు బయటపడ్డాయి. కట్టడం పూర్తయినప్పుడు పూజ చేసి కొట్టిన పలకలవి. వాటి మీద 1611కి సరిపోయే సంవత్సరం ఉంది. నాకు నచ్చినది ఆ తరవాతి పని. పలకలకున్న మేకు రంధ్రాలని పట్టుకెళ్లి కోట అడుగు అంతస్తు స్తంభాల మీది రంధ్రాలతో సరిచూశారు. సరిపోయాయి. 2015లో జాతీయ నిధి అయింది.

కోట చుట్టూ కందకం ఇప్పటికీ నీళ్లతో ఉంది. అందులో పడవ మీద తిప్పుతారు. వంతెన మరీ కిందికి ఉన్నచోట పడవ పైకప్పే కిందికి దిగుతుంది, ఎక్కినవాళ్లంతా తలలు వంచి కూర్చోవాలి. తర్వాతి ప్రభువుల్లో ఫుమై అనే ఆయన టీ తాగడంలో ఎంత ప్రవీణుడంటే, ఆయన పోయి రెండు వందల ఏళ్లు దాటినా ఊళ్లో మిఠాయి కొట్లు ఆయన పేరే చెప్పుకుంటాయి. సరస్సు ఒడ్డున చిత్రకళా మ్యూజియం ఒకటుంది. వేసవి నెలల్లో దాన్ని మూసే వేళ గడియారం చూసి కాదు, సూర్యాస్తమయం చూసి. పొద్దు గుంకిన అరగంటకి మూస్తారు. ఆఫీసు నుంచి పారిపోయి ఎన్నిసార్లు అక్కడ కూర్చున్నానో. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట: మీరు వాడిన రూబీ భాషని తయారుచేసిన యుకిహిరో మత్సుమొతో ఉండేది ఈ ఊళ్లోనే. నన్ను అక్కడికి చేర్చింది ఆ భాషే.

చివరగా ఒక ఇంగ్లీషు మాస్టారి సంగతి. లఫ్కాడియో హెర్న్ గ్రీకు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగి, అమెరికాలో పత్రికల్లో పనిచేసి, 1890 ఆగస్టులో నలభయ్యో ఏట ఇక్కడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. చిన్నప్పుడు స్కూల్లో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. జీతం నెలకి 100 యెన్లు. కోట ధర 180 అని చెప్పాను కదా! పదిహేనేళ్ల తేడా ఉందనుకోండి, అయినా మాస్టారి రెండు నెలల జీతంతో కోట వచ్చేది. మన గురువులు నవ్వుతున్నారు. ఆయన ఇక్కడున్నది పదిహేను నెలలే. చలి పడక కుమామొతో వెళ్లిపోయారు. ఇక్కడే సెత్సు అనే సమురాయి ఇంటి అమ్మాయిని పెళ్లాడారు, తరవాత జపాన్ పౌరుడై కొయిజుమి యకుమో అయ్యారు. ఆమె చెప్పిన కథలనే రాసి లోకానికి ఇచ్చారు. కందకం పక్కన ఆయనుండిన ఇంటిని అలాగే ఉంచారు.

ఆయన స్కూలు రోజుల గురించి రాసుకున్నదాంట్లో యొకొగి అనే కుర్రాడున్నాడు. వడ్రంగి కొడుకు. ఇంట్లో హైస్కూలు చదివించే స్తోమత లేదు. పిల్లవాడి తెలివి చూసి ఒక ధనవంతుడు ఖర్చు పెట్టుకున్నాడు. స్కూలంతా గర్వపడే విద్యార్థి. చదువు ముగియకుండానే జబ్బుపడ్డాడు. పోయే ముందు ఒక చలి రాత్రి తెలివి వచ్చి, స్కూలు చూడాలని ఉందన్నాడు. ఇంత రాత్రి ఎలారా అని తల్లి అంటే, ఒక్కసారి చాలన్నాడు. నౌకరు వాణ్ణి వెచ్చగా చుట్టి వీపు మీద ఎక్కించుకుని వీధులన్నీ దాటి తీసుకెళ్లాడు. తరగతులకి తాళాలు, కిటికీలన్నీ చీకటి. యొకొగి నౌకరు భుజం మీంచి తన క్లాసు కిటికీ ఏదో పోల్చుకున్నాడు. జబ్బులో మర్చిపోయినవన్నీ గుర్తొచ్చాయన్నాడు. చూపించినందుకు నౌకరుకి మరీ మరీ చెప్పుకున్నాడు. తరవాత వాళ్లు ఇంటికి తిరిగి వెళ్లారు.

ఇందాక లోపలికి వస్తూ నేను టెన్త్ బి సెక్షన్ కిటికీ దగ్గర కాసేపు ఆగాను. అందుకే ఆలస్యమైంది, అధ్యక్షులవారు మన్నించాలి.