సూర్యుడిచ్చే పింఛనుతో సముద్రయానం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండతో నడిచే పడవలో మహాసముద్రం దాటవచ్చునా? దాటవచ్చు. దాటారు కూడా. స్విట్జర్లాండు వారి ‘సన్ 21’ 2007లో అట్లాంటిక్ దాటింది. తరువాత ‘ప్లానెట్ సోలార్’ 2010 సెప్టెంబరు 27న మొనాకోలో బయలుదేరి, 60,000 కిలోమీటర్లు పైగా ప్రయాణించి, 2012 మే 4న భూప్రదక్షిణ ముగించి అక్కడికే చేరింది.

అయితే సర్వీసంతా జమాఖర్చులు రాసినవాణ్ణి గనుక లెక్క చూడందే నాకు తృప్తి ఉండదు. ఆ పడవపై పరచిన పలకలు 537 చదరపు మీటర్లు. మంచి ఎండలో రాబడి 93 కిలోవాట్లు. రాత్రికి సున్నా. మబ్బు పట్టిందా, కోత! రాత్రింబవళ్ళ సరాసరిన ఖర్చుకు దొరికేది సుమారు 20 కిలోవాట్లే. అది చిన్న కారు ఇంజను శక్తికన్నా తక్కువ. ఎండ మనకొచ్చే పెన్షను లాంటిది, ఎనిమిదిన్నర టన్నుల బ్యాటరీలు బ్యాంకులో దాచిన సొమ్ము లాంటివి. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి తొందరపడితే నిల్వ హరించిపోతుంది. అందుకే 2013లో ఈ పడవే కానరీ దీవుల నుంచి కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ చేరడానికి 22 రోజుల 12 గంటలు పట్టింది. అంటే గంటకు సుమారు 10 కిలోమీటర్లు, మనం సైకిలు తొక్కే వేగం.

మరి సరుకు ఓడల మాటేమిటి? 400 మీటర్ల పొడవు, 59 మీటర్ల వెడల్పు గల కంటైనర్ ఓడ పైభాగమంతా అవే పలకలు పరిచినా నడిమధ్యాహ్నం నాలుగు వేల కిలోవాట్లు రావచ్చు. ఇంజన్ల సామర్థ్యమో, అరవై వేల ప్రాంతం. పైగా పలకలు పరిచితే పెట్టెలెక్కడ పేర్చాలి?

మా మనవడు మెరైన్ ఇంజనీరింగులో చేరతానన్నప్పుడు, “రేపు ఓడలన్నీ ఎండతోనే నడుస్తాయట, ఆ చదువెందుకు?” అని ఇంట్లో అభ్యంతరం వచ్చింది. ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించాను. ఇంధనం మారవచ్చునేమో గాని ఎండ ఒక్కటే ఆ బరువు లాగదు. వాడు చేరాడు.

అలాగని సౌరశక్తిని చిన్నచూపు చూడకండి. కేరళలో వైకోం వద్ద ‘ఆదిత్య’ అనే 75 మంది పట్టే సౌర పడవ 2017లో సర్వీసులోకి వచ్చింది. కొద్ది దూరం, నెమ్మది నడక, రాత్రి రేవులో విశ్రాంతి. అక్కడ లెక్క చక్కగా కుదిరింది. మహాసముద్రం మీద మాత్రం తొందరలేనివారికి, తక్కువ బరువుతో వెళ్ళేవారికే అది సాధనం.