ఎదురుచూసేవారు లేని మార్గం: మడగావ్ స్కైబస్ చరిత్ర

విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగుసీమ విడిచి వచ్చిన కుటుంబాలు రాజపాళయం పరిసరాలలో స్థిరపడి, తరతరాలుగా ఇంట తెలుగును, వీధిలో తమిళాన్ని పలుకుతున్నాయి. ఆ కుటుంబాల పిల్లలు నేడు మరల ప్రయాణమై చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో కాపురముంటున్నారు. వలస వచ్చినవారికి నగరం మొదట అర్థమయ్యేది దాని దారుల ద్వారానే. ఏ బస్సు ఎటు పోతుందో, ఏ స్టేషనులో దిగితే పనిచేసే చోటు దగ్గరో తెలిసిన నాటినుండి ఆ నగరం వారిదవుతుంది. అందుచేత, ఒక్క ప్రయాణికుని కూడా గమ్యం చేర్చకుండానే అంతరించిన ఒక ఆకాశమార్గం కథ వలస జీవులు తెలుసుకోదగినది.

ఆ మార్గం గోవాలోని మడగావ్ పట్టణంలో ఉండేది. దాని పేరు స్కైబస్. దానిని రూపొందించినవారు తెలుగు ఇంజినీరు బొజ్జి రాజారాం. ఆయన కొంకణ్ రైల్వే సంస్థకు మేనేజింగ్ డైరెక్టరుగా పనిచేశారు. సహ్యాద్రి కొండలనూ, నదీముఖాలనూ దాటుతూ రోహా నుండి మంగుళూరు సమీపం వరకు దాదాపు 740 కిలోమీటర్ల మార్గాన్ని నిర్మించి, 1998లో పూర్తిగా ప్రారంభించిన సంస్థ అది. సరుకు లారీలను యథాతథంగా రైలుపై ఎక్కించి తరలించే పద్ధతి 1999లో అక్కడే మొదలయింది. రైళ్లు పరస్పరం ఢీకొనకుండా ఆపే రక్షాకవచ్ పరికరం కూడా రాజారాం నాయకత్వంలో అక్కడే రూపొందింది. అటువంటి ప్రయోగశీల వాతావరణంలో స్కైబస్ ఆలోచన పుట్టింది.

ఆ ఆలోచన స్థూలంగా ఇది. నగరంలో నేల దొరకదు. భూగర్భ మెట్రోకు ఖర్చు అధికం. వంతెనపై రైలు నడపాలంటే వెడల్పైన కట్టడం కావాలి. కనుక రోడ్డు మధ్యన స్తంభాలు నిలిపి, వాటిపై పెట్టెవంటి కాంక్రీటు దూలాన్ని పరచి, ఆ పెట్టె లోపల పట్టాలు అమర్చాలి. ఉక్కు చక్రాలు పెట్టె లోపల దొర్లుతాయి. ప్రయాణికుల బోగీ దాని అడుగున వేలాడుతూ సాగుతుంది. చక్రాలు పెట్టెలోనే బంధింపబడి ఉండుటచేత పట్టాలు తప్పినా బోగీ కింద పడదని రూపకర్తల వాదన. ఇళ్లు కూల్చనక్కరలేదు, కింద వాహనాల రాకపోకలకు అడ్డు ఉండదు.

వేలాడే రైలు ప్రపంచానికి కొత్త కాదు. జర్మనీలోని వుప్పర్‌టాల్ నగరంలో 1901 నుండి అటువంటి రైలు నడుస్తున్నది. దాని పొడవు సుమారు 13 కిలోమీటర్లు. అందులో అధికభాగం వుప్పర్ నదిపైనే సాగుతుంది. ఇరుకైన లోయలో నేల దొరకక ఆ నగరవాసులు నదిపైని ఆకాశాన్నే దారిగా చేసుకున్నారు.

మడగావ్‌లో పరీక్షకై నిర్మించిన మార్గం పొడవు 1.6 కిలోమీటర్లు మాత్రమే. 2004లో పరీక్షా పరుగులు సాగుతుండగా సెప్టెంబరు 25న ప్రమాదం జరిగింది. కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకరు మరణించారు, ముగ్గురు గాయపడ్డారు. ఆనాటితో స్కైబస్ భవిష్యత్తు అనిశ్చితమైపోయింది. స్తంభాలు, వాటిపై దూలం మాత్రం ఏళ్ల తరబడి అట్లే నిలిచి ఉన్నాయి. చివరకు 2013లో సంస్థ ఆ పథకాన్ని విరమించుకున్నది. ప్రమాదానికీ, ఆ నిర్ణయానికీ మధ్య తొమ్మిది సంవత్సరాలు గడిచాయి.

స్కైబస్‌ను ఆ ప్రమాదమే అంతం చేసిందని పలువురి భావన. వుప్పర్‌టాల్ చరిత్ర చూసినవారికి ఆ సమాధానం చాలదు. 1999 ఏప్రిల్ 12 ఉదయం ఆ నగరపు వేలాడే రైలు నదిలో పడి ఐదుగురు మరణించారు. రాత్రి మరమ్మతులు చేసిన పనివారు పట్టాపై మరచిన ఇనుప కొక్కెమే కారణమని దర్యాప్తులో తేలింది. సుమారు ఎనిమిది వారాలకే రైళ్లు తిరిగి నడిచాయి. మడగావ్ కంటే అది పెద్ద ప్రమాదం. అయినప్పటికీ మార్గం బ్రతికింది. ఆ రైలు లేనిదే నగరం పనికి పోలేదు, బడికి పోలేదు. ప్రతి ఉదయం స్టేషను మెట్లెక్కే వేలాది జనం దాని కొరకు ఎదురుచూస్తున్నారు. కారణం కనుగొనక, రైలు నడపక, అధికారులకు మరొక గతి లేకపోయింది.

మడగావ్ మార్గానికి అటువంటి జనం లేరు. 1.6 కిలోమీటర్ల పరీక్షా మార్గం ఎవరి ఇంటినీ ఎవరి పనిచోటుతోనూ కలపలేదు. అది నడిచిన నాడు ఎవరికీ ప్రయాణం సులువు కాలేదు, ఆగిన నాడు ఎవరికీ పని ఆగలేదు. పరికరానికి రూపకర్త ఉన్నాడు, హక్కుపత్రం ఉన్నది. ప్రయాణికుడు మాత్రం లేడు. కనుకనే తొమ్మిదేళ్లు నిర్ణయం లేకుండా గడిచినా అడిగినవారు లేకపోయారు.

చెన్నైలో నివసించే రాజపాళయం వారికి మరొక ఉదాహరణ కంటికెదురుగానే ఉన్నది. అక్కడి ఎత్తైన స్థానిక రైలుమార్గం 1995లో బీచ్ నుండి చెపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2007లో వేళచ్చేరి వరకు వచ్చింది. అక్కడినుండి పరంగిమలై వరకు 5 కిలోమీటర్ల పొడిగింపు 2008లో మొదలయింది. ఆదంబాక్కం వద్ద భూసేకరణ పరిహారంపై వ్యాజ్యాలు సాగి, సుమారు అర కిలోమీటరు మేర పని పదేళ్లకు పైగా ఆగిపోయింది. ఇటు కట్టడం, అటు కట్టడం, నడుమ ఖాళీ ఆకాశం. ఆ మార్గానికీ స్కైబస్ గతి పట్టవచ్చునని అనుకున్నవారు ఉన్నారు. అట్లు జరగలేదు. వేళచ్చేరి వైపు రైలు దిగినవారికి పరంగిమలై చేరి, అక్కడ తాంబరం రైలునో, మెట్రోనో అందుకోవలసిన అవసరం ప్రతిదినం ఉన్నది. ఆ అవసరం ఉన్నంతకాలం ఆ ఖాళీని మరచుట ఎవరికీ సాధ్యపడలేదు. ఆలస్యంగానైనా ఆ ఖాళీపై గర్డర్లు పరచబడ్డాయి.

ఈ రెండు కథలనుండి పౌరులు గ్రహించవలసినది ఒకటున్నది. స్తంభాలను నిలిపేది ధనం, విద్య. మార్గాన్ని నిలిపేది మాత్రం దానికై ఎదురుచూసే మనిషి. ఆ ఎదురుచూపు లెక్కలోకి రావాలి. వలస వచ్చినవారి విషయంలో ఇదే కష్టం. వారి ఓటు సొంత ఊరిలో, రేషను కార్డు వేరొకచోట, అద్దె ఇల్లు నగరపు అంచున. తెల్లవారుజామున నాలుగు గంటలకు పనికి బయలుదేరే మనిషి ఏ సర్వేవారికీ తారసపడడు. అతనికి బస్సు లేదన్న సంగతి ఏ కాగితంపైనా ఉండదు. లెక్కకు రాని ప్రయాణికుడు, లేని ప్రయాణికుడు అధికారి బల్లపై ఒక్కటే.

తమిళనాడు నగరపాలనలో వార్డు కమిటీలు, ఏరియా సభలు ఏర్పడి ఉన్నాయి. తమ వీధికి ఏ వేళ ఏ బస్సు కావాలో, ఏ స్టేషనుకు నడకదారి లేదో అక్కడ వ్రాతమూలకంగా తెలుపుట నివాసులందరి హక్కు. భాష తడబడినా సరే, తమిళం బాగా వచ్చిన ఇరుగుపొరుగువారి చేత వ్రాయించినా సరే. కొత్త మార్గం ప్రకటించిన నాడు అడగవలసిన ప్రశ్నలు కూడా సామాన్యమైనవే: ఇది ఎవరి ఇంటినుండి ఎవరి పనిచోటుకు పోతుంది? భద్రతను పరీక్షించేవారు ఎవరు? పని ఆగితే కొనసాగించుటో, తొలగించుటో ఎవరు, ఏ గడువులోపల నిర్ణయిస్తారు?

మడగావ్‌లో ఈ ప్రశ్నలు అడిగేందుకు స్టేషను వద్ద నిలిచిన ప్రయాణికుడు లేడు. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో ప్రతి ఉదయం నిలిచి ఉన్న వేలాదిమందిలో తళవాయిపురం వారు, రాజపాళయం వారు కూడా ఉన్నారు. వారు తమ పేరును ఆ లెక్కలో వ్రాయించుకొనుట అవసరం.