అరచేతి పలక మీద పాత ఆటలు



భివండి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. చిన్నాన్నో, మేనమామో, ఎదురింటి అబ్బాయో సాంచెల పనికి భివండి వెళ్లాడన్న మాట మన వైపు పల్లెల్లో కొత్తది కాదు. మహారాష్ట్రలో ఠాణా జిల్లాలోని ఆ ఊళ్లో పద్మనగర్, కామత్‌ఘర్ వాడల్లో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. కామత్‌ఘర్‌లో వరాల తలావ్ ఉంది, దాని చుట్టూ జనం ఉన్నారు, ఆ జనం బతుకు చుట్టూ మర మగ్గాల చప్పుడు ఉంది. నేను అక్కడ పిల్లలకు తెలుగులోనూ మరాఠీలోనూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి.

ఈనాటి నా ప్రసంగం ఆటల గురించి. కబడ్డీ, క్రికెట్ కాదు. టీవీ తెర మీద ఆడే వీడియో ఆటలు. "పంతులే పిల్లలకు వీడియో ఆటలు నేర్పితే ఇంకేముంది!" అని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. అందుకే ముందుగా జరిగిన సంగతి చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

రెండేళ్ల క్రితం ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వారం రోజులు బడికి రాలేదు. తండ్రి కారఖానాలో పన్నెండు గంటల పాళీ చేస్తాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. అందులో ఏదో ఆటకు అలవాటుపడి, ఆటలోని ఆయుధాల కోసం పిల్లవాడు తండ్రి ఖాతాలోంచి డబ్బు ఖర్చు చేశాడు. అది ఆ ఇంటి అద్దె డబ్బు. తండ్రి కొట్టాడు. తర్వాత బడికి వచ్చి నాతో అన్నాడు: "సారూ, ఇగ బడి బంద్. వీణ్ణి సాంచెల మీద పెడ్త. ఫోన్ల పైసలు పోగొట్టెటోనికి సదువెందుకు?"

నేను ఆయనను ఒక్క నెల గడువు అడిగాను. "నెల రోజులు వాణ్ణి నాకు వదిలెయ్యన్నా. అప్పటికీ నీ మనసు మారకపోతే మళ్లీ మాట్లాడుకుందాం" అన్నాను. సరేనని తలూపాడు గాని, నమ్మకంతో ఊపిన తల కాదది.

ఆ రాత్రి నాకు నా చిన్నతనం గుర్తుకొచ్చింది. 1990లలో మా వాడలో ఒక చిన్న దుకాణం ఉండేది. గంట లెక్కన డబ్బు తీసుకుని టీవీ ఆట ఆడనిచ్చేవారు. పసుపుపచ్చ క్యాసెట్టు పెట్టెలో దూర్చితే తెర మీద మారియో గంతులేసేవాడు. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి ఉఫ్ఫని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఆ పెట్టె అసలు పుట్టిల్లు జపాను. నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫామికామ్ పేరుతో దాన్ని అమ్మకానికి తెచ్చింది. మన బజార్లలో దొరికినవాటిలో ఎక్కువ భాగం దానికి నకళ్లు. ఆ పెట్టె లోపల ఏముందో తెలుసుకోవాలని నాకు ఎంతో కోరికగా ఉండేది. విప్పనిచ్చేవారు లేరు, చెప్పేవారు లేరు.

మరునాడు ఆ పిల్లవాణ్ణి పిలిచి ఒకే ప్రశ్న అడిగాను. "నువ్వు ఆడే ఆట లోపల ఏముందో తెలుసా?" "తెలియదు సార్" అన్నాడు. "తెలుసుకుందామా?" అన్నాను. వాడు తల వంచుకునే "ఆఁ" అన్నాడు.

మేము తెలుసుకోవడానికి వాడిన వస్తువు పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇది ఒకే పలక మీద అమర్చిన కంప్యూటరు. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. అంటే దాదాపు ఏటీఎం కార్డంత. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కంప్యూటర్ చదువుకు వచ్చే విద్యార్థులకు ప్రోగ్రాము రాసే అలవాటు తగ్గిపోతోందని గమనించి ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు పిల్లలు భయం లేకుండా విప్పి, కలిపి, చెడగొట్టి, బాగుచేసుకోగల చవక కంప్యూటరు ఉండాలని దీన్ని తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న అది అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. తర్వాత ఎన్నో రకాలు వచ్చాయి, ధరలూ మారాయి. మేము కొన్నది మూడో తరానిది, ఒకరు వాడి అమ్మినది. ఠాణా దాకా బస్సులో, అక్కడి నుంచి లోకల్ రైల్లో వెళ్లి, ముంబయి లామింగ్టన్ రోడ్డులో బేరమాడి తెచ్చుకున్నాం.

ఇక పని ఎలా సాగిందో చెబుతాను. మీ ఊళ్లో ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే ఉపయోగపడుతుంది. పలక కాకుండా ఇంకో నాలుగు వస్తువులు కావాలి. 16 గిగాబైట్ల మెమొరీ కార్డు, 5 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు ఇవ్వగల ఛార్జరు, యూఎస్‌బీ జాయ్‌స్టిక్, ఒక టీవీ. ఛార్జరు దగ్గర పొదుపు చేయకండి. కరెంటు చాలకపోతే తెర మూల మెరుపు గుర్తు కనిపిస్తుంది, యంత్రం మధ్యలో ఆగిపోతుంది. మరో కంప్యూటరు నుంచి రెట్రోపై అనే ఉచిత సాఫ్ట్‌వేరును కార్డులోకి రాసుకోవాలి. కార్డును పలకలో పెట్టి, టీవీకి కలిపి, కరెంటు ఇస్తే చాలు.

మా టీవీ భంగారు దుకాణం నుంచి తెచ్చిన పాత పెట్టె టీవీ. దానికి హెచ్‌డీఎంఐ రంధ్రం లేదు. అయినా ఫరవాలేదు. మూడో తరం పలకకు చెవి తీగ పెట్టుకునే గుండ్రటి రంధ్రం ఉంది. బొమ్మ కూడా అందులోంచే వస్తుంది. అటు ఒక మొన, ఇటు ఎరుపు, తెలుపు, పసుపు మొనలున్న తీగ కావాలి. అన్ని తీగల్లో వరస ఒకటే కాదు. బొమ్మ రాకపోతే ఎరుపు మొనను టీవీ పసుపు రంధ్రంలో పెట్టి చూడండి. మాకు అలాగే వచ్చింది. కాని బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. అమెరికా టీవీ పద్ధతి వేరు, మన పాల్ పద్ధతి వేరు. అమరికల ఫైలులో పాల్ అని మార్చగానే రంగులొచ్చాయి. పిల్లల కేకలకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత టీవీని వెనక నుంచి విప్పవద్దు. తీగ పీకేసినా పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాలతో చెలగాటం.

ఈ చిన్న పలక పాత ఆటల పెట్టెలా ఎలా పనిచేస్తుంది? మన పల్లెల్లో పగటివేషగాళ్లను చూశారు కదా. ఒకే మనిషి ఈ పూట శివుడు, రేపు పోలీసు. అలాగే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము ఈ పలక చేత పాత యంత్రం వేషం కట్టిస్తుంది. ఆట తాను ఫామికామ్‌లోనే ఉన్నాననుకుని నడుస్తుంది. ఫామికామ్‌లో ఆట నడవడానికి ఉన్న పని జ్ఞాపకం 2 కిలోబైట్లు. మా పలకలో ఉన్నది ఒక గిగాబైటు, అంటే ఐదు లక్షల రెట్లకు పైన. అందుకే ఆ వేషం దీనికి బరువు కాదు.

అంత తక్కువ చోటులో ఆనాటివారు ఎలా పనిచేశారన్నదే నాకు అసలు పాఠంగా తోచింది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటో అంతకు ఎన్నో రెట్లుంటుంది. ఆ ఆటలో ఆకాశంలో మేఘాన్ని, నేల మీద పొదను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే ఆకారం! ఒకదానికి తెలుపు, ఒకదానికి ఆకుపచ్చ. తెరను అడ్డంగా 32, నిలువుగా 30 గళ్లుగా విభజించారు. ఒక్కో గడిలో ఎనిమిది ఎనిమిదుల చుక్కలు. ఆ గళ్లనే మళ్లీ మళ్లీ వాడుకుంటూ లోకమంతా కట్టారు.

పిల్లలకు ఇది అర్థం కావాలని గ్రాఫు కాగితాలు పంచి, గళ్లు నింపి బొమ్మలు వేయమన్నాను. మనవాడు కాగితం ఇంటికి పట్టుకెళ్లి నెమలిని వేశాడు. మరునాడు వాడితోపాటు వాడి తాత బడికి వచ్చాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు షోలాపూరులో జకార్డు మగ్గాల మీద చద్దర్లు నేసినవాడు. కాగితం నా ముందు పెట్టి, "సారూ, ఇది డిజైన్ కాయిదం గదా! ఈడ ఒక గడి ఎక్కువైంది. నెమలి మెడ వంకర పోతది" అన్నాడు. గడి చెరిపి చూస్తే నిజమే, మెడ చక్కబడింది.

శ్రోతలారా, ఆ పెద్దాయన మాటలో పెద్ద చరిత్రే ఉంది. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు తన మగ్గాన్ని రూపొందించాడు. రంధ్రాలు కొట్టిన అట్టలు వరసగా తిరుగుతాయి. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పువ్వయినా, నెమలయినా ఆ అవును, కాదుల లెక్కే. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ గణిత యంత్రాన్ని ఊహించినప్పుడు, దానికి ఆజ్ఞలివ్వడానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జకార్డు చిత్రపటం ఒకటి ఆయన దగ్గర ఉండేది. అంటే కంప్యూటరు మన మగ్గానికి దూరపు చుట్టమేమీ కాదు.

తాత ముందు పిల్లలకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ వచ్చాడు.

మాకు కష్టాలు రాలేదని కాదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక యంత్రం మేలుకోలేదు. రాస్తున్న సమయంలో కరెంటు పోతే మెమొరీ కార్డు చెడుతుంది. మూడు వారాల పని పోయింది. మనవాడు ఏడ్చేశాడు. అప్పుడు తాతే అన్నాడు: "పోగు తెగితే సాంచె ఇడిసిపెట్టి పోతమా? అతుకు పెట్టాలె." మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ప్రతి వారం కార్డుకు నకలు తీసి ఉంచుకున్నాం, ఆపేటప్పుడు జాబితాలోంచి షట్‌డౌన్ అని చెప్పి ఆపడం నేర్చుకున్నాం. ఈ రెండు జాగ్రత్తలూ మీరూ మరవకండి.

మరో జాగ్రత్త నీతికి సంబంధించినది. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. కాని పాత ఆటలైనా వాటికి హక్కుదారులున్నారు. ఇంటర్నెట్టులో వేల ఆటలు ఊరికే దొరుకుతున్నాయని దింపుకోవడం పరాయి సొత్తు తీసుకోవడమే. పాత యంత్రాల కోసం ఈనాటికీ కొత్త ఆటలు రాసి ఉచితంగా పంచేవారు ఉన్నారు. మేము అవే ఆడాం.

అంతకంటే మంచి దారి, ఆట మనమే రాసుకోవడం. పైథాన్ భాషలో పిల్లలు చిన్న ఆట రాశారు. తెర మీద నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. ఎక్కడో ఒక పోగు తెగుతుంది. వెంటనే మీట నొక్కి సాంచె ఆపాలి. ఆలస్యమైతే గుడ్డ పాడవుతుంది. పది గజాలు చక్కగా నేస్తే నెమలి ప్రత్యక్షమవుతుంది. తాత సరిచేసిన నెమలే!

నెల గడువు రెండు నెలలైంది. ఒక ఆదివారం తండ్రి పాళీ దిగి నేరుగా బడికి వచ్చాడు. చొక్కా మీద దూది అలాగే ఉంది. కొడుకు జాయ్‌స్టిక్ చేతికిచ్చాడు. మూడుసార్లు గుడ్డ పాడుచేశాడు. నాలుగోసారి నెమలి వచ్చింది. నవ్వాడు. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "సారూ, అబద్ధం చెప్పకుండ్రి. ఇది అన్నం పెడ్తదా?"

"పెడుతుందని మాట ఇవ్వలేనన్నా" అన్నాను. "కాని మొన్నటిదాకా ఆట వాణ్ణి ఆడించింది. ఇప్పుడు ఆట ఎలా నడుస్తుందో వాడికి తెలుసు. చెడితే బాగుచేసుకోవడం తెలుసు. ఇంత తెలిసిన పిల్లవాణ్ణి చదువు మాన్పించకు." ఆయన చాలాసేపు టీవీ వైపు చూశాడు. "పదో తరగతి దాకా చూద్దాం" అన్నాడు.

ఈ ఏడు ఆ పిల్లవాడు పదో తరగతి. లెక్కల్లో ఇంకా వెనకే ఉన్నాడు, సాయంత్రాలు కూర్చోబెడుతున్నాను. పోయిన అద్దె డబ్బు వాడి తండ్రి నెలనెలా కొంత తీర్చాడు. పలక కొన్నంత మాత్రాన బతుకులు మారిపోతాయని నేను చెప్పడం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని ఇంట్లో పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కున్నాక, ఆ ఖాళీ చేతిలో ఏం పెట్టాలన్నది చట్టం చెప్పలేదు. అది మనం ఆలోచించాలి.

మీ ఇంట్లో మూలన పడిన పాత టీవీ ఉండవచ్చు. మీ పిల్లల బడిలో ఆసక్తి ఉన్న మాస్టారు ఉండవచ్చు. మగ్గం తెలిసిన తాతలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ముగ్గురినీ ఒక ఆదివారం ఒకచోట కూర్చోబెట్టండి. మా దగ్గర మొదలైంది అలాగే.