లెక్క సరే, చూశావా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళను చూడటమంటే మనసులో ఒక రూపకం కట్టుకోవడమేనా? ఇదీ నాకిచ్చిన అంశం. నేను ఇంజనీరును. శాస్త్రం చెప్పలేను, జరిగింది చెబుతాను.

తొమ్మిదో తరగతిలో అలంకారాల పాఠానికి మా తెలుగు సార్ మమ్మల్ని సీతాఫల్‌మండి నుంచి ఆర్ట్స్ కాలేజీకి నడిపించుకుని వెళ్లారు. "చూసింది రాయుండ్రి" అన్నారు. నేను మెట్లు, స్తంభాలు లెక్కపెట్టి రాశాను. సార్ చదివి, "లెక్క మంచిగనే ఉంది. మరి చూసినవా?" అన్నారు. ఆ మాట ఏళ్ల తరబడి గుచ్చుకుంది.

తరువాత ఆ కట్టడం గురించి చాలా తెలుసుకున్నాను. రూపశిల్పి బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్. 1934లో శంకుస్థాపన జరిగితే, 1939 డిసెంబరు 4న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. గులాబీ రంగు గ్రానైటు. అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు, ఇస్లామీ పద్ధతి కమాను. ఇన్ని తెలిసినా సార్ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

నిజానికి మా వృత్తిలోనూ పోలికలు తక్కువేం కాదు. పదేపదే బరువు పడి లోహం బలం తగ్గితే "అలసిపోయింది" అంటాం. లోహానికి అలసటేమిటి? వాడీవాడీ అది పోలికని మరిచిపోయాం.

నిరుడు సార్‌ను మళ్లీ అక్కడికి తీసుకెళ్లాను. ఆయనకు చూపు పోయింది. సాయంత్రం వేళ నా భుజం మీద చేయి వేసి, మెల్లగా మెట్లెక్కారు. గోడకు అరచేయి ఆనించి, "ఎండ ఇంకా ఉందిరా దీంట్ల" అన్నారు. అది అలంకారం కాదు. పగలంతా కాగిన రాయి వేడి.

"కమాను ఎట్లుంది, చెప్పు" అన్నారు. ఎత్తూ వెడల్పూ చెప్పబోయి ఆగాను. చూపు లేని మనిషికి అంకెలు ఏం చూపిస్తాయి? అప్పుడు తలెత్తి నిజంగా చూశాను. రెండు సగాలు. ఏ సగమూ ఒంటరిగా నిలవదు.

"ఒకరి మీద ఒకరు ఆనుకుని నిలబడ్డట్టుంది సార్, ఇప్పుడు మనమున్నట్టు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "గిప్పుడు చూసినవు" అన్నారు.

నాకు తెలిసింది ఇంతే. చూడటమంతా రూపకం కాదు. ముందు రాయి వేడి అరచేతికి తగులుతుంది, దానికి పోలిక అక్కర్లేదు. కానీ చూసినదాన్ని మనదిగా చేసుకోవాలన్నా, మరొకరి చేతిలో పెట్టాలన్నా పోలిక కావాలి. అది బొమ్మలోనో రాతిలోనో సిద్ధంగా ఉండదు, చూసేవాడు తన బతుకులోంచి తేవాలి. "కోటలా ఉంది" అని అందరూ అనే మాటే అనేసి వచ్చేస్తే, అది కూడా మెట్లు లెక్కపెట్టడం లాంటిదే.

పిల్లలూ, సీతాఫల్‌మండి తరువాతి రైల్వే స్టేషన్ పేరే ఆర్ట్స్ కాలేజ్. ఒక్క స్టేషన్ దూరం. వెళ్లండి. లెక్క తరువాత, ముందు చూడండి.

సెలవు.