పాత జీపు – కొండదారి

వాగు దాటివచ్చిన మరునాడు మా పాత జీపు ఇరుసునుండి గేరు నూనె తీసి చూచితిని. అది మజ్జిగవలె తెల్లబడి యున్నది. శ్రోతలారా, కారణము చిన్నది. ప్రయాణమున వేడెక్కిన ఇరుసు చన్నీట దిగగనే లోని గాలి కుంచించుకొని, పైనున్న గాలి రంధ్రముగుండ నీటిని పీల్చును. నీరు చేరిన నూనె గేర్లను అరుగుదలనుండి కాపాడజాలదు. ఆ రంధ్రమునకు రబ్బరు గొట్టము తగిలించి, కొనను ఇంజను ప్రక్క ఎత్తున కట్టితిని. ఖర్చు స్వల్పము.

1941లో యుద్ధావసరములకై వెలసిన విల్లీస్ జీపును, దాని వంశపు బండ్లను ఇంటివద్ద సిద్ధపరచువారు ముందుగ ఇట్టి పనులు చూడవలెను. కాని పలువురు బండిని ఎత్తుచేసి, పెద్ద టైర్లు వేయుటకే తొందరపడుదురు. బరువు పైకి జరిగినకొలది ఏటవాలు నేలపై బోల్తాపడు ప్రమాదము హెచ్చును. పెద్ద చక్రములను ఆపుటకు పాత బ్రేకుల బలము చాలదు. స్పీడోమీటరు అసలు వేగముకంటె తక్కువ చూపును. బ్రేకు గొట్టము పొడవు చాలక తెగవచ్చును.

చట్టమును గూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన రూపమును యజమాని ఇష్టానుసారము మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టు దానినే స్థిరపరచినది.

ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గించిన, అవి నేలను ఎక్కువ మేర తాకి, కూరుకొనక సాగును. రోడ్డెక్కకముందే తిరిగి నింపవలెను. మెత్తని టైరు వేగమున వేడెక్కి పగులును.

బండి ఎత్తు పెంచుదమని మా అబ్బాయి ఇంకను పోరుచున్నాడు. ముందు స్టీరింగు కీళ్లు బిగింపుమని పానా చేతికిచ్చితిని.