మన మాట మన దగ్గరే ఉందా?

(నర్సీపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆన్‌లైన్ సమావేశాల రికార్డింగులు దాచుకోవడం గురించి మాట్లాడమన్నారు. ఇదేదో కంప్యూటర్ తెలిసినవాళ్ల వ్యవహారం అనుకోకండి. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

2021లో కరోనా రోజుల్లో, ఉపాధి హామీ కూలి బకాయిల మీద జూమ్‌లో సమావేశం పెట్టాం. ఏజెన్సీలో ఒక ఊరి స్త్రీలు సిగ్నల్ కోసం కొండెక్కి, ఒకే ఫోను చుట్టూ కూర్చుని, ఎవరికి ఎన్ని రోజుల కూలి రావాలో చెప్పారు. అధికారి ఒకాయన విని, నెలలోగా ఇప్పిస్తానన్నారు. అంతా రికార్డు చేశాం. ఏడాది తిరిగేసరికి ఆయన బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినాయన "ఎవరన్నారు, ఎక్కడన్నారు?" అని అడిగారు. వెతికితే ఆ రికార్డింగ్ మా దగ్గర లేదు. అది ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేది. రిపేరుకిచ్చినప్పుడు అందులోవన్నీ చెరిగిపోయాయి. ఆ సంగతి చెబితే ఊళ్లో ఒక పెద్దావిడ "మళ్లీ మొదట్నుంచీ చెప్పమంటావేటమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

స్త్రీల మాట పోవడం మనకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గరకు స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చారు. అంతవరకూ ఆ జీవితాలు చాలామందికి తెలియవు. ఈ రోజుల్లో రికార్డు చెయ్యడం తేలికే. భద్రంగా ఉంచడం దగ్గరే మనం తప్పిపోతున్నాం.

ముందు వెతకడం. జూమ్‌ని కంప్యూటర్‌లో రికార్డు చేస్తే, మామూలుగా డాక్యుమెంట్స్‌లో జూమ్ అనే ఫోల్డర్‌లో తేదీవారీగా ఉంటుంది. సమావేశం అయ్యాక ఫైలు తయారయ్యేదాకా కంప్యూటర్ ఆపకండి. డబ్బు కట్టిన ఖాతాతో క్లౌడ్‌లో రికార్డు చేస్తే ఆ ఖాతాలోనే వెతకాలి. పొరపాటున చెరిపినా 30 రోజుల్లోపు ట్రాష్ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. గూగుల్ మీట్ రికార్డింగైతే సమావేశం ఏర్పాటు చేసినామె డ్రైవ్‌లోకి వెళుతుంది. ఆమె సంస్థ వదిలితే? అందుకే సమావేశాలు సంస్థ ఖాతా నుంచే పెట్టండి.

దొరికినదానికి తేదీ, ఊరు, విషయం కలిపి పేరు పెట్టండి. రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి ఆఫీసులో, రెండోది వేరే చోట. ఒక నోటు పుస్తకంలో ఏది ఎక్కడుందో రాయండి. ఆరు నెలలకోసారి తెరిచి చూడండి. అసలు ఫైలును కత్తిరించకండి, కావలసిన ముక్కను కాపీలోంచి తీసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. అది ఎవరు, ఏ పరికరంతో తీశారో రాసి ఉంచకపోతే అప్పుడు తడుముకోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. దాచడమంటే అన్నీ దాచడం కాదు. తెర మీద 'రికార్డవుతోంది' అని వస్తే అనుమతి వచ్చినట్టు కాదు. చదవలేని ఆమెకు, పక్కన భర్తో మేస్త్రీయో ఉన్న ఆమెకు మనమే విడమరచి అడగాలి. వద్దంటే ఆపాలి. ఇంట్లో హింస గురించి చెప్పుకునే సమావేశాలను అసలు రికార్డు చెయ్యకండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు వివరాలు బయటపెట్టడాన్ని 2013 చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. అలాంటిదొకటి వాట్సాప్ గ్రూపులోకి జారిపోతే, వేధించినవాడికంటే ఎక్కువ కీడు మనమే చేసినవాళ్లమవుతాం.

అందుచేత ఇళ్లకు వెళ్లాక, మన సంస్థ రికార్డింగులు ఎవరెవరి ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్నాయో ఒక జాబితా రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా, అందులో మాట్లాడినామె ఒప్పుకుందో లేదో రాయండి. కొండెక్కి చెప్పిన మాటను మళ్లీ చెప్పమనే పరిస్థితి మీకు రాకూడదు.